కొట్టేసిన పంక్తుల పత్రిక

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: కవితలతో పాటు ఒక్కో కవిత ఎలా తయారైందో కూడా చూపించే చిన్న పత్రిక పెట్టాలనుకుంటున్నారు. ఇద్దరు స్నేహితులు తోడున్నారు. చేతిలో 40 వేల రూపాయలున్నాయి. కవుల్ని ఏమడగాలి, పత్రికను ఎలా అచ్చువేయాలి, రిజిస్ట్రేషన్ అవసరమా అన్నవి మీ ప్రశ్నలు.

నేను పదకొండేళ్ళు ఒక కవితా పత్రిక నడిపాను. మొదట మూణ్ణెల్లకోసారి, తర్వాత ఆర్నెల్లకోసారి, చివర్లో డబ్బులున్నప్పుడు. నాలుగో ఏడాది నుంచి సగం పేజీలు మీరు చెబుతున్న పనికే ఇచ్చాం. అందువల్ల నేను చెప్పేదాంట్లో ఎక్కువభాగం మేం చేసిన తప్పులే.

మొదటి తప్పు ప్రశ్నావళి. ఇరవై మంది కవులకు ఉత్తరాలు రాశాం. 'మీ సృజన ప్రక్రియ గురించి రెండు పేజీలు రాసి పంపండి' అన్నాం. పద్నాలుగు మంది జవాబిచ్చారు. పద్నాలుగూ ఒకరే రాసినట్టున్నాయి. కవిత్వం నా ఊపిరి అని ఒకరు, లోపలి నుంచి తన్నుకొచ్చింది అని ఇంకొకరు, నేను రాయలేదు, అదే నాచేత రాయించుకుంది అని నలుగురు. అబద్ధాలు చెప్పారని కాదు. కవిత పూర్తయ్యాక దాని పురుడు ఎలా జరిగిందో ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. గుర్తులేని చోట మర్యాదగా ఉండే మాటలు వచ్చి కూర్చుంటాయి.

మనకు దీని మీద పెద్ద కథే ఉంది కదా. పోతన 'అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దాపల' దాకా రాసి, ఆ పైన సాగక లేచి వెళ్ళిపోయాడనీ, తిరిగొచ్చేసరికి రాముడే వచ్చి పద్యం పూర్తిచేశాడనీ. ఇంగ్లిషు వాళ్ళకూ ఉంది. కుబ్లాఖాన్ కవిత నల్లమందు మత్తులో వచ్చిన కలలో దొరికిందనీ, నిద్రలేచి రాసుకుంటుంటే ఎవరో తలుపు తట్టారనీ కోల్రిజ్ చెప్పాడు. తర్వాత ఆయన చేతిరాతలో ఒక ప్రతి బయటపడింది. అచ్చయిన కవితకూ ఆ ప్రతికీ మాటల్లో తేడాలున్నాయి. అంటే కల తర్వాత కూడా కలం పనిచేసింది. మీ పత్రిక పని ఆ తేడాలతోనే. రాముడు వచ్చి వెళ్ళిన కథ మిగతా పత్రికలు వేస్తాయి.

కాబట్టి కవుల్ని అభిప్రాయం అడగకండి, కాగితాలు అడగండి. 1930ల్లో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చార్లెస్ అబ్బట్ అనే ఆయన సరిగ్గా ఈ పనే చేశాడు. బతికున్న కవులకు ఉత్తరాలు రాసి, మీరు చెత్తబుట్టలో వేసే చిత్తుకాగితాలు మాకు పంపండి అని అడిగాడు. చాలామంది పంపారు. వాటిని ముందుపెట్టుకుని కవులూ విమర్శకులూ రాసిన వ్యాసాలు 1948లో పుస్తకంగా వచ్చాయి. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఒక్కటే: పూర్తయిన కవిత అడిగేవాళ్ళు వెయ్యిమంది ఉంటారు, చిత్తు అడిగేవాడు ఒక్కడుంటే కవికి ముందు ఆశ్చర్యం, తర్వాత సంతోషం.

ఇక్కడ ఒక తేడా గమనించండి. చేతిరాత వేరు, చిత్తుప్రతి వేరు. 1981లో లండన్‌లో గూటాల కృష్ణమూర్తి మహాప్రస్థానాన్ని శ్రీశ్రీ దస్తూరీలోనే అచ్చువేశారు. చూడటానికి పండగలా ఉంటుంది. కానీ అది ఎప్పుడో పూర్తయిన కవితల్ని తీరిగ్గా ఎత్తిరాసిన శుద్ధప్రతి. 'మరో ప్రపంచం' అన్న మాటకు ముందు ఆయన ఇంకేం ప్రయత్నించాడో అందులో దొరకదు. కవులు మీకు పంపేవాటిలో సగం ఇలాంటివే ఉంటాయి. తెల్లకాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలు, కింద తేదీ, సంతకం. వాటిని మర్యాదగా వెనక్కి పంపి, 'దీనికి ముందుది ఉంటే ఇవ్వండి' అని మళ్ళీ అడగాలి. సిగ్గుపడొద్దు.

మాకు ఈ పని అసలు అర్థమైంది ఒక రిటైర్డ్ మాస్టారి వల్ల. ఆయన రేషన్ సంచీ నిండా కరెంటు బిల్లులు తెచ్చారు. బిల్లు వెనక తెల్లగా ఉంటుంది కాబట్టి ముప్ఫై ఏళ్ళుగా కవితలు వాటి మీదే రాస్తారట. ఊళ్ళో బావి పూడ్చేసిన రోజు మీద ఆయన కవిత ఒకటి అప్పటికే మాకు నచ్చింది. దాని చిత్తులు అయిదు దొరికాయి. మొదటిది ఇలా ఉంది:

ఇవాళ మా బావిని పూడ్చేశారు
తరతరాల దాహం తీర్చిన తల్లి
మట్టి కింద మౌనంగా ఏడుస్తోంది

మూడోదానికి వచ్చేసరికి:

ఇవాళ మా బావిని పూడ్చేశారు
పన్నెండు ట్రాక్టర్ల మట్టి పట్టింది
తల్లి మౌనంగా మింగింది

చివరికి అచ్చయింది:

పదహారు ట్రాక్టర్ల మట్టి పట్టింది
గిలక ఒక్కటీ అమ్మ ఇంట్లోకి తెచ్చుకుంది

మొదటి చిత్తు ఎవరైనా రాయగలరు. దాన్నే నేరుగా పంపి ఉంటే మేం వేసేవాళ్ళం కాదు. మూడోదాంట్లో ట్రాక్టర్లు వచ్చాయి, ఏడుపు పోయింది. చివరిదాంట్లో బావి అన్న మాట కూడా పోయింది, గిలక చాలు. నేను మాస్టార్ని రెండే ప్రశ్నలడిగాను. 'తల్లి' అన్న మాట ఎందుకు తీసేశారు? ఆయన అన్నారు: 'అమ్మ గిలక తెచ్చుకున్నాక బావిని కూడా తల్లి అనాలా? రెండు లైన్లలో ఇద్దరమ్మలెందుకండీ.' మరి పన్నెండు ట్రాక్టర్లు పదహారు ఎందుకయ్యాయి? కాస్త నవ్వి, 'లెక్కకు పన్నెండే. పదహారు అంటే పలకడానికి ఇంకొంచెం సేపు పడుతుంది, మట్టి పోస్తున్నట్టుంటుంది' అన్నారు.

ఆ రెండు జవాబుల్లో ఉన్నంత కవిత్వశాస్త్రం మా ఇరవై ప్రశ్నావళుల్లో లేదు. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాం: చిత్తు ముందుంటేనే ప్రశ్న. ప్రశ్నలో ఆ చిత్తులోని ఒక మాటో, పంక్తి విరుపో, సున్నా చుట్టిన పదమో ఉండాలి. 'మీ మీద ప్రభావం చూపిన కవులెవరు' లాంటివి నిషేధం. కవి 'ఏమో, గుర్తులేదు' అంటే అలాగే అచ్చువేయాలి. ఆ మాట కూడా జవాబే.

ఏం వెతకాలో కొన్ని ఆనవాళ్ళు చెబుతాను. చాలా చిత్తుల్లో చివరి కవితకు మొదటి పంక్తి అయ్యేది నాలుగో అయిదో పంక్తిగా ఉంటుంది. పైనున్నదంతా గొంతు సవరించుకోవడం, తర్వాత కొట్టేస్తారు. అమెరికన్ కవయిత్రి ఎలిజబెత్ బిషప్ రాసిన 'వన్ ఆర్ట్' కవిత చిత్తులు అక్కడి వాసర్ కాలేజీలో ఉన్నాయి, పదహారు పదిహేడు దాకా. మొదటిది అసలు పద్యంలా ఉండదు, పోగొట్టుకున్న వస్తువుల గురించి వచనంలో రాసుకున్న నోట్స్‌లా ఉంటుంది. చివరిది కట్టుదిట్టమైన ఛందోరూపం. కొత్త కవులకు ఇది చూపిస్తే వాళ్ళకున్న టెన్షన్ సగం పోతుంది. పద్యం రాసేవాళ్ళ కాగితాలు ఇంకా సరదాగా ఉంటాయి. అంచున యతికి సరిపడే మాటలు వరసగా రాసుకుని ఉంటారు. ఏ మాట యతి కోసం వచ్చింది, ఏ మాట అర్థం కోసం వచ్చింది అని అడిగి చూడండి. నిజాయితీ ఉన్న పద్యకవి ఆ ప్రశ్నకు ఎర్రబడతాడు, తర్వాత గంటసేపు మాట్లాడతాడు.

మన తెలుగులో బాగా కనిపించేది ఇంకొకటుంది, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది అదే. పాలమూరు వైపు కుర్రాడొకడు పంపిన కవితలో 'అమ్మ' అని ఉంది. నోటుబుక్కులో మొదటి చిత్తు చూస్తే 'అవ్వ' అని ఉంది, అక్కడ అమ్మను పిలిచేది అలాగే. 'పోయిండు' అని రాసుకున్నది మూడో చిత్తులో 'వెళ్ళాడు' అయింది. ఎందుకు మార్చావని అడిగితే, 'పత్రికలోళ్ళు అట్లయితేనే ఏస్తరు గద సార్' అన్నాడు. నాకు చెంపమీద కొట్టినట్టయింది. అతని చేతిలో కలం పట్టుకుని దిద్దింది అతను కాదు, నాలాంటి సంపాదకులు. ఆ కవితను 'అవ్వ'తోనే వేశాం, పక్కనే మూడు చిత్తులూ వేశాం, అతనన్న మాటా వేశాం. ఆ సంచికకు వచ్చినన్ని ఉత్తరాలు మరే సంచికకూ రాలేదు. ఉత్తరాంధ్ర నుంచి, అనంతపురం నుంచి, మేమూ ఇలాగే మార్చుకున్నాం అంటూ. సృజన ప్రక్రియ అంటే కవి గుండెలో జరిగేదే అనుకుంటాం. కొంత పత్రికాఫీసు గుమ్మం దగ్గర కూడా జరుగుతుంది.

అందుకే సంపాదకుడి చెయ్యి పడిన చోటు కూడా అచ్చువేయాలి. మీరు ఒక పంక్తి తీసేయమన్నారు, కవి ఒప్పుకున్నాడు లేదా ఒప్పుకోలేదు. రెండూ చూపించండి. ఎలియట్ ఇంగ్లిషు కవిత 'వేస్ట్ లాండ్' 1922లో వచ్చింది. దాని చిత్తులు 1971లో అచ్చయ్యాకే ఆయన స్నేహితుడు, కవి ఎజ్రా పౌండ్ అందులో ఎంత కత్తిరించాడో లోకానికి పూర్తిగా తెలిసింది. మీ పాఠకులు యాభై ఏళ్ళు ఆగక్కర్లేదు.

కాగితాలు సంపాదించడం ఎలా? రెండు దారులు. ఒకటి, పాత సొరుగులు వెతికించడం. రెండు, రాయబోయే కవితకు ముందే చెప్పి ఉంచడం. ఆరు నెలల ముందు ఆరుగురికి తలా ఒక లాంగ్ నోటుబుక్కు ఇచ్చి, 'పెన్సిలు, రబ్బరు వద్దు, పేజీలు చింపొద్దు' అన్నాం. దీనివల్ల చిత్తులు చక్కగా దొరికాయి కానీ, చూస్తారని తెలిసి రాసేటప్పుడు మనిషి కొంచెం నటిస్తాడు. ఒకాయన కవిత పూర్తిచేసి, తర్వాత తీరిగ్గా కూర్చుని మూడు చిత్తులు తయారుచేసి పంపాడు. ఒకే పెన్ను, ఒకే ఒత్తిడి, కొట్టివేతలు కూడా అందంగా ఉన్నాయి. కొట్టేసిన మాట కన్నా పైన రాసిన మాట ప్రతిచోటా మెరుగ్గానే ఉంటే అనుమానించండి. నిజమైన చిత్తులో మంచి మాట కొట్టేసి చెడ్డది రాసి, మళ్ళీ పాతదానికి వచ్చిన చోటు ఒక్కటైనా ఉంటుంది. సగం పాతవి, సగం కొత్తవి కలిపితే సంచిక సమంగా వస్తుంది.

ఇప్పుడు చాలామంది ఫోన్లో రాస్తున్నారు, చిత్తు మిగలదు అంటారు. కొంత మిగులుతుంది. గూగుల్ డాక్స్‌లో రాసేవాళ్ళకు వెర్షన్ హిస్టరీ ఉంటుంది. ఫేస్‌బుక్‌లో పోస్టు చేసి దిద్దేవాళ్ళకు ఎడిట్ హిస్టరీ ఉంటుంది. అక్కడ జనం చూస్తుండగానే కవిత మారుతుంది, ఎవరి కామెంటు తర్వాత ఏ మాట మారిందో కూడా తెలుస్తుంది. వాట్సాప్‌లో మెసేజ్‌ని ఎడిట్ చేస్తే పాతది పోతుంది. కాబట్టి తనకు తానే పంపుకునేవాళ్ళకు చెప్పండి, దిద్దకుండా ప్రతిసారీ కొత్త మెసేజ్‌గా పంపుకోమని. టైము, తేదీ దానంతటదే పడుతుంది. తెల్లవారుజామున 2.40కి ఒక పంక్తి, 2.43కి దాని దిద్దుబాటు, 6.15కి 'రాత్రి రాసింది చెత్త' అని తనకు తానే పంపుకున్న మెసేజ్. ఇలాంటి పేజీని మేం ఉన్నదున్నట్టు వేశాం.

పాట కట్టేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు చిత్తు నోట్లోనే ఉంటుంది. బాణీ ముందొచ్చి, మాటల బదులు 'తానన' పాడుకుంటూ, ఒక్కో మాట దొరికినప్పుడు అందులో కూర్చోబెడతారు. వాళ్ళను కాగితం మీద రాసివ్వమంటే శుద్ధప్రతే వస్తుంది. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి కూర్చోవాలి, అనుమతితో. పేజీలో క్యూఆర్ కోడ్ వేసి ఆడియో వినిపించండి.

మన పాఠకులకు ఇదంతా కొత్త అనుకోకండి. అష్టావధానం చూసినవాళ్ళకు పద్యం కళ్ళముందు తయారవడం తెలుసు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు తర్వాతి అక్షరం ఊహించి వద్దంటాడు, అవధాని ఇంకో దారి పట్టుకోవాలి. జనం చప్పట్లు కొట్టేది పూర్తయిన పద్యానికి కాదు, ఆ మలుపుకు. ఆ రుచి ఉన్న జనమే మీ చందాదారులు.

ఇక పేజీలు. ఆరు కవితలకు మించి పెట్టకండి. 1/8 డెమ్మీలో, అంటే మామూలు కథల పుస్తకం సైజులో, 64 పేజీలు. ఒక్కో పెద్ద కాగితం మడిస్తే వచ్చే 16 పేజీల ఫారాలు నాలుగు. ఒక్కో కవితకు సుమారు పది పేజీలు. కవిత ముందు ఒంటరిగా, కుడి పేజీలో ఉండాలి. చిత్తులు పేజీ తిప్పాక రావాలి. మా స్నేహితుడొకడు దీనికి తలకిందులుగా, చిత్తులు ముందు, కవిత చివర అని వాదించేవాడు, పజిల్ విప్పినట్టుంటుందని. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. కవిత తన కాళ్ళ మీద తాను నిలబడకపోతే దాని చిత్తులతో పాఠకుడికి పనిలేదు. బలహీనమైన కవితకు చిత్తులు ఎంత బాగున్నా వేయకండి.

కొట్టేసిన మాటల్ని టైపులో ఎలా చూపిస్తారన్నది మీరు అడగలేదు కానీ మొదటి ప్రూఫులోనే తగులుతుంది. తెలుగు అక్షరం మధ్యలోంచి గీత పోతే చదవలేం. 'ప' కాస్తా 'ష'లా కనిపిస్తుంది. కొట్టేసిన మాటల్ని మేం లేత బూడిదరంగులో వేసి, పైన చేర్చినవాటిని కొంచెం చిన్న అక్షరాల్లో వేశాం. స్కాన్ బొమ్మ ఎడమ పేజీలో, దాని టైపు ప్రతి కుడి పేజీలో. స్కాన్ కనీసం 300 డీపీఐ ఉండాలి. ఫోన్‌తో తీసిన ఫొటో నీడ పడి చెడుతుంది. నలుపు తెలుపులో వేస్తే నీలిసిరా, ఎర్రసిరా తేడా పోతుంది. ఎర్రసిరా రెండో రోజు దిద్దుబాటు అయితే ఆ ముక్క బొమ్మ కింద రాయండి. కంప్యూటర్లో పేజీలు కట్టే డీటీపీ వాళ్ళు 'అను' అనే పాత ఫాంట్లలో, పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తామంటారు, అలవాటు. యూనికోడ్‌లోనే కావాలని పట్టుబట్టండి. రేపు ఇదే మేటర్ నెట్‌లో పెట్టాలంటే మార్చుకునే తలనొప్పి ఉండదు. మండలి, సూరన్న, గిడుగు లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. లోపలి పేజీలకు 70 జీఎస్ఎం మందం ఉన్న 'మ్యాప్‌లితో' రకం కాగితం చాలు.

డబ్బు లెక్క. మొదటి సంచిక 150 కాపీలు డిజిటల్ ప్రింట్ చేయించండి. నాకు తెలిసిన రేట్లలో కాపీకి 70 రూపాయల చొప్పున 10,500. డీటీపీ, ప్రూఫులకు 3,000. ఆరుగురు కవులకు తలా 500, మొత్తం 3,000. పోస్టుకు 2,500. దాదాపు 19 వేలు. మీ ఊళ్ళో కొంచెం అటూ ఇటూ ఉంటుంది కానీ 40 వేలతో రెండు సంచికలు వస్తాయి. కవులకు డబ్బివ్వడం ఎందుకంటారేమో. కవితకు కాదు, సొరుగు వెతికినందుకు ఇవ్వండి. తక్కువైనా కవరులో పెట్టి ఇవ్వండి. జీవిత చందాలు మాత్రం తీసుకోకండి. మేం తీసుకున్నాం. ఎవరి జీవితం అన్నది రసీదులో రాయలేదు. పత్రిక జీవితమే ముందు అయిపోయింది. ఆ చందాదారుల్లో ఇద్దరు ముగ్గురు ఇంకా ఎక్కడైనా కనిపిస్తే నేను రోడ్డు దాటి అటువైపు వెళ్తాను.

ఆవిష్కరణ సభ, శాలువాలు, ఫ్లెక్సీలకు ఖర్చు వద్దు. 1965లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు, ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. మీరు గ్రంథాలయంలో ఒక గోడ అడిగి చిత్తుల జిరాక్సులు అంటించండి, కవి వచ్చి వాటి ముందు నిలబడి చదివితే అదే సభ.

అచ్చు అసలు అవసరమా అంటే, తప్పనిసరి కాదు. అమెరికాలోని తెలుగువాళ్ళు 1998లో మొదలుపెట్టిన 'ఈమాట' పత్రిక నెట్ మీదే ఇన్నేళ్ళు నిలబడింది. కానీ చిత్తుప్రతిని ఫోన్ తెరమీద జూమ్ చేసుకుంటూ చదవడం కష్టం. రెండు పేజీలు పక్కపక్కన ఉండాల్సిన వస్తువు ఇది. అచ్చువేసి, ఆర్నెల్ల తర్వాత నెట్‌లో పెట్టండి.

రిజిస్ట్రేషన్ దగ్గర చాలామంది పాత సలహాలే చెబుతారు. 1867 నాటి ప్రెస్ చట్టం పోయింది. 2023లో చేసిన ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ పీరియాడికల్స్ చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. టైటిల్ కోసం, రిజిస్ట్రేషన్ కోసం ఇప్పుడు ప్రెస్ సేవా పోర్టల్‌లోనే దరఖాస్తు. పత్రికల్ని నమోదు చేసే వెనకటి ఆర్‌ఎన్‌ఐ ఆఫీసే ఇప్పుడు ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం. కొత్త చట్టం నిర్వచనంలో పీరియాడికల్ అంటే క్రమం తప్పకుండా వెలువడుతూ ప్రజలకు సంబంధించిన వార్తలో, వాటిమీద వ్యాఖ్యలో ఉండేది. పుస్తకం అందులోకి రాదు. నా సలహా ఏమిటంటే, మొదటి రెండు సంచికల్ని పత్రిక అనకుండా, నెల, సంచిక నంబరు వేయకుండా, విడివిడి పేర్లున్న సంకలనాలుగా, పుస్తకాలుగా తీసుకురండి. రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ నుంచి ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాలకిచ్చే గుర్తింపు నంబరు, ఉచితంగా వస్తుంది. అచ్చయ్యాక 1954 చట్టం ప్రకారం కాపీలు కలకత్తా నేషనల్ లైబ్రరీకీ, చెన్నై కన్నెమరాకూ, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకూ పంపాలి, మరవొద్దు. మూడోది తీసే ఓపిక మిగిలితే అప్పుడు పత్రికగా రిజిస్టర్ చేయించుకోండి, ఆపైన పత్రికలకిచ్చే నంబరు ఐఎస్ఎస్ఎన్‌కు వెళ్ళండి, దానికీ ఫీజు లేదు. పుస్తకంగా ఉంటే ఇంకో లాభం పోస్టు. 2025 మే నుంచి తపాలా శాఖ పుస్తకాలకు జ్ఞాన్ పోస్ట్ పెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. మీ 64 పేజీలు కవరుతో కలిపి వంద గ్రాముల లోపే తూగుతాయి. ప్రకటనలు వేసిన సంచికను దాంట్లో తీసుకోరు, కాబట్టి వెనక అట్ట మీద జ్యువెలరీ షాపు ప్రకటన ఆశ ఉంటే వదులుకోండి.

అనుమతుల్లో మాత్రం బద్ధకం పనికిరాదు. కవితకు ఇచ్చిన అనుమతి చిత్తుకు చెల్లదు, దానికి విడిగా రాయించుకోండి. ఒక్క పేజీ చాలు: ఈ కవిత, ఈ చిత్తులు, ఈ సంచికలో, తర్వాత మా వెబ్‌సైటులో వేయడానికి ఒప్పుకుంటున్నాను, మిగతా హక్కులన్నీ నావే. చనిపోయిన కవి చిత్తులు దొరికితే వారసుల్ని అడగాలి. కవి బతికుండగా అచ్చయిన రచనలకు కాపీరైట్ ఆయన పోయాక 60 ఏళ్ళు ఉంటుంది. 1983లో పోయిన శ్రీశ్రీ కవితలకు 2043 చివరి దాకా ఉన్నట్టు. కవి పోయేదాకా ఎక్కడా అచ్చుకాని చిత్తయితే లెక్క ఇంకా దూరం పోతుంది. ఎవరో కవి మీ తాతగారికి ఉత్తరం రాస్తే ఆ కాగితం మీది, అందులోని మాటలు మాత్రం ఆ కవివే.

చట్టం చెప్పనిది ఒకటుంది. ఒక కవి చిత్తులో బంధువు పేరు ఉంది, తర్వాత కొట్టేశాడు. మేం చిత్తును ఉన్నదున్నట్టు వేశాం. కవి సంతకం ఉంది, మా తప్పేమీ లేదు. కానీ ఆ బంధువుల ఇంటి నుంచి కవికి పెళ్ళి పిలుపులు ఆగిపోయాయి. కవి నన్ను ఏమీ అనలేదు, మళ్ళీ చిత్తులు మాత్రం ఇవ్వలేదు. ఆ తర్వాత పద్ధతి మార్చాం. పేజీలు తయారయ్యాక ప్రూఫు కవి ఇంటికి పంపి, రెండోసారి సంతకం తీసుకున్నాకే ప్రెస్సుకు. ఆ దశలో ఏ కాగితాన్ని తీసేయమన్నా, కారణం అడక్కుండా తీసేయాలి. సంచిక పల్చబడితే పడనివ్వండి.

ఒరిజినల్ కాగితాలు మీ దగ్గర ఉంచుకోకండి. స్కాన్ అయిన వారంలోపు స్వయంగా వెళ్ళి ఇచ్చేయండి, ఎన్ని కాగితాలు తీసుకున్నారో అన్నీ లెక్కపెట్టి. మాస్టారి కరెంటు బిల్లులు అలాగే తిరిగిచ్చాను. ఆయన భార్య ఒక్కొక్కటీ తిప్పి చూస్తూ బావి కవిత మూడో చిత్తు దగ్గర ఆగారు. ఆయన్ని పిలిచి, 'ఇది కట్టారా అసలు?' అని అడిగారు. ఆ బిల్లు కట్టలేదు. వెనక రాసిన కవితను మేం నెలరోజులు చదివాం, ముందువైపు ఎవరూ చూడలేదు.